ఎండిన వంకకు వెడల్పైన వంతెన యేల?

మన సీమలో తఱుచుగా వినవచ్చు ప్రశ్న యొకటి కలదు. ఏడాదిలో పది నెలలు ఇసుక తప్ప మఱేమియు కానరాని వంకమీద అంత వెడల్పైన వంతెన యేల? నాలుగు గొట్టములు పఱచి, పైన సిమెంటు పోసిన చాలదా? ఇట్లడుగువారు తెలివిలేనివారు కారు. ప్రజల సొమ్ము వ్యర్థము కారాదను మంచి తలంపుతోనే యడుగుదురు. కడప జిల్లాలో సంవత్సరమునకు కురియు వాన సగటున సుమారు 700 మిల్లీమీటర్లు. వందల యడుగుల లోతునకు బోరు దింపినను నీరు పడని యూళ్లలో వరదభయమును గుఱించి చెప్పబోయిన నవ్వు వచ్చుట సహజము. అయినను ఆ ప్రశ్నలో చూపిన కారణమే దానికి ఉత్తరమని నా యభిప్రాయము. వంక ఎండియున్నది గనుకనే వంతెన వెడల్పుగా నుండవలెను. విద్యార్థులును వారి తలిదండ్రులును దీనిని కొంచెము ఓపికతో ఆలోచింపవలెనని కోరి ఈ మాటలు వ్రాయుచున్నాను.

మొదట నేలను గుఱించి చెప్పవలెను. బాట యనునది నేలమీద పఱచిన చాపవంటిది. క్రింది నేల ఎట్లుండిన చాపయు అట్లే యుండును. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, కమలాపురము ప్రాంతములందు నల్లరేగడి మెండు. రాయచోటి వైపునకు పోవుకొలది ఎఱ్ఱనేలయు గరుసును కనబడును. ఈ రెండింటి స్వభావములు వేఱు. ఎనిమిదవ తరగతి బాలబాలికలచేత నేను ప్రతి సంవత్సరమును ఒక చిన్న ప్రయోగము చేయించుచుందును. రెండు గాజుగ్లాసులు తీసికొని, ఒకదానిలో రేగడి పెళ్లను, రెండవదానిలో ఎఱ్ఱమట్టి పెళ్లను ఉంచి మెల్లగా నీరు పోయింతును. ఎఱ్ఱమట్టి పెళ్ల కొలది నిమిషములలో విడిపోయి అడుగున కూర్చుండును, పైనీరు ఎఱ్ఱబడును. రేగడి పెళ్ల నిదానముగా నీరు త్రాగి ఉబ్బి, మఱునాటికి ఎక్కువ చోటు నాక్రమించి, జిగురువలె పట్టుకొనియుండును. ఆ గ్లాసును ఎండలో నుంచిన, వారము దినములకు ఆ రేగడి ముడుచుకొని, గాజును విడిచి, నడుమ నెఱ్ఱెలు విచ్చును.

పిల్లలు దీనిని వినోదముగా చూతురు. కాని రేగడి నేలమీది బాటలో బస్సెక్కి పోవువారి నడుములు ఈ పాఠమును ప్రతిదినమును నేర్చుకొనుచునే యున్నవి. రేగడిమీద వేసిన తారుబాట వేసవిలో అంచులవెంట పొడవునా పగులును. ఆ పగుళ్లలోనికి మొదటి వాననీరు దిగి క్రింది మన్నును ఉబ్బించును. బాట అలలు అలలుగా లేచును. దీనికి ఇంజనీర్లెఱిగిన మందులు లేకపోలేదు. రేగడిని కొంత లోతువఱకు తీసివేసి గరుసు పోయవచ్చును. సున్నము కలిపి గట్టిపఱుపవచ్చును. రెండు ప్రక్కల కాలువలు త్రవ్వి నీరు నిలువకుండ చేయవచ్చును. మొదటి రెండింటికి ధనము కావలెను. మూడవదానికి పార చాలును. అయినను ఎక్కువగా విడువబడుచున్నది ఆ మూడవదియే.

ఇప్పుడు లోకమంతట చెప్పుకొనబడుచున్న శీతోష్ణస్థితి మార్పు ఈ నేలను ఏమి చేయుచున్నది? 2011 మొదలు 2020 వఱకు గల పదేండ్లలో భూమి సగటు వేడిమి, 1850–1900 నడుమ నుండిన వేడిమికంటె సుమారు 1.1 డిగ్రీల సెంటీగ్రేడు హెచ్చెనని ఐక్యరాజ్యసమితి పక్షమున పనిచేయు శాస్త్రజ్ఞుల సంఘము 2021లో ప్రకటించెను. ఒక డిగ్రీ ఏపాటిదని తోచవచ్చును. కాని గాలి ఒక డిగ్రీ వేడెక్కిన, అది మోయగల నీటియావిరి నూటికి సుమారు 7 వంతులు పెరుగును. ఇందులో రెండు కష్టములు ఇమిడియున్నవి. వానలేని దినములలో ఆ గాలి నేలలోని తడిని మునుపటికంటె త్వరగా పీల్చివేయును. వాన కురియు దినమున అదే గాలి మునుపటికంటె పెద్ద కుండను క్రుమ్మరించును. కఱవు వేఱు, వరద వేఱు అని మన పెద్దలు వానిని వేఱువేఱు లెక్కలలో వ్రాసికొనిరి. ఇప్పుడు రెండును ఒకే వేడిమివలన బలపడుచున్నవి.

తడియాఱి, గడ్డి మాడి, పశువుల గిట్టలచే అణగద్రొక్కబడిన నేలమీద పెద్దవాన పడినచో ఏమగునో మన రైతులకు నేను చెప్పనక్కఱలేదు. ఎఱ్ఱనేలలో చినుకుల దెబ్బకు సన్నమన్ను మెదిగి పైన పలుచగా అట్టకట్టును. ఆ యట్టమీద పడిన నీరు లోపలికి దిగక జాఱిపోవును. పోవునది నీరు మాత్రమే కాదు. అంగుళము మందము ఏర్పడుటకు వందల యేండ్లు పట్టిన పైమన్ను కూడ దానితో పోవును. పల్లమునకు పాఱుచున్న నీరు వేగము పుంజుకొనును. నీటివేగము రెట్టింపైన, అది కదల్పగల రాతిబరువు రెండు రెట్లు కాదు, నాలుగు రెట్లు కాదు, 64 రెట్లగును. కావున నిన్నటివఱకు మేకలు మేసిన వంక ఒక్క రాత్రిలో బండలను దొర్లించుట వింత యేమియు కాదు.

నిత్యము పాఱు నది తన వెడల్పును అందఱికి చూపుచుండును. ఎండిన వంక దానిని దాచుకొనును. దాని గర్భములో మనము కళ్లము చేయుదుము, ప్లాట్లు వేయుదుము, చెత్త పోయుదుము, సర్కారు తుమ్మకంప పెరుగనిత్తుము. పదియేండ్లకో ఇరువదియేండ్లకో నీరు వచ్చినప్పుడు ఆ కంప వేళ్లతో పెకలి కొట్టుకొనివచ్చి కల్వర్టు గొట్టముల నోళ్లలో చిక్కుకొనును. ఆ క్షణమునుండి అది కల్వర్టు కాదు, చెఱువుకట్ట యగును. నీరు వెనుక పేరుకొని, బాట పైనుండి దుమికి, అవతలివైపు మట్టిని కోసివేయును. తెల్లవాఱునప్పటికి క్రింద మన్ను లేక తారుపొఱ మాత్రము అంచువలె నిలిచియుండును. చీకటిలో వచ్చు బండివానికి అది బాటవలెనే కనబడును.

1902వ సంవత్సరము సెప్టెంబరు 12వ తేదీన జరిగినది ఇట్టిదే. మద్రాసు–బొంబాయి రైలుమార్గమున, మన జిల్లాలోని మంగపట్నమువద్ద, గొప్ప వానలకు వంతెన తెగిన చోట మెయిలుబండి పడిపోయి సుమారు 70 మంది మరణించిరి. నేటికిని ఆ మార్గముననే ముద్దనూరు మీదుగా రైళ్లు పోవుచున్నవి. ఆ సంగతి తెలిసినవారు మన యూళ్లలో ఎందఱున్నారు? మనకు కఱవులు జ్ఞాపకముండును గాని వరదలు ఉండవు. కఱవు నెలల తరబడి ఇంటిలో కూర్చుండును. వరద ఒక రాత్రి వచ్చిపోవును. కడప పట్టణము నడుమ పాఱు బుగ్గవంక 2001లో పొంగి ఇండ్లను ముంచెను. 2020 నవంబరులో నివర్ తుపాను వానలకు మఱల పొంగెను. పొరుగున కర్నూలు పట్టణమును 2009 అక్టోబరు 2వ తేదీన తుంగభద్ర, హంద్రి నదుల నీరు ముంచినప్పుడు, అంతకుముందు కొన్ని వారములవఱకు ఆ జిల్లావారు వాన లేదని ఆకాశము చూచుచుండిరి.

2021 నవంబరు సంగతి మన పిల్లలకు గూడ తెలియును. బంగాళాఖాతములో పుట్టిన వాయుగుండము ఆ నెల 19వ తేదీన చెన్నపట్టణ సమీపమున తీరము దాటెను. శేషాచలము, పాలకొండల ప్రాంతమున ఆ వాన కుండపోతగా కురిసెను. మొదట పింఛా జలాశయపు కట్ట తెగెను. ఆ నీరును, బాహుదా నీరును కలిసి చెయ్యేటిలో అన్నమయ్య జలాశయముమీద పడగా, 19వ తేదీ ఉదయమున దాని మట్టికట్ట కొట్టుకొనిపోయెను. కాంక్రీటుతో కట్టిన భాగము నిలిచెను, మట్టి పోయెను. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు గ్రామములు ఆ ప్రవాహమునకు ఎదురుగా నుండినవి. కార్తిక పౌర్ణమినాడు దీపములు పెట్టుటకు వచ్చినవారును, పశువులను విప్పబోయినవారును కొట్టుకొనిపోయిరి. రాజంపేట, నందలూరుల నడుమ ఆర్టీసీ బస్సులు నీట చిక్కుకొని ప్రయాణికులు మరణించిరి. రైలుకట్ట క్రింది మన్ను పోయి పట్టాలు వ్రేలాడెను. కొలది దినములలోనే, వెలిగల్లు జలాశయమునుండి దిగిన నీటికి కమలాపురమువద్ద పాపాగ్ని వంతెన కూలిపోయి, కడపనుండి తాడిపత్రికి పోవు మార్గము తెగెను. ఈ నీరంతయు పెన్నలో కలిసి నెల్లూరు చేఱి, అక్కడ పడుగుపాడువద్ద రైలుమార్గమును, కోవూరువద్ద జాతీయ రహదారిని త్రెంచెను. మన కొండలమీద పడిన వాన కలకత్తా–చెన్నపట్టణము దారిని నిలిపివేసిన దన్నమాట.

ఇసుకమీద ఇల్లు కట్టినవాని యుపమానము మన పాఠశాల పిల్లలందఱికి కంఠస్థమే. దానిని మనము మనస్సుల విషయమై చెప్పుకొందుము. చెయ్యేటి యొడ్డున అది గోడల విషయమున, స్తంభముల విషయమున అక్షరాల జరిగెను. నీరు తీసిన తరువాత పొలములమీద మిగిలినది వండలి కాదు, ఇసుక మేట. వరి, అరటి పండిన భూములలో మోకాలి లోతున ఇసుక. పై గట్టులమీద మంచిమన్ను పోయెను. క్రింది పొలములో మంచిమన్ను పూడెను. బాట తెగిన మరమ్మతు చేయవచ్చును. ఈ నష్టమునకు టెండరు పిలుచుట ఎట్లు?

ఇదంతయు శీతోష్ణస్థితి మార్పువలననే కలిగెనని చెప్పుట న్యాయము కాదు. 1902లో లోకము ఇంత వేడెక్కలేదు. అయినను వంతెన తెగెను. నవంబరు తుపానులు మన తాతలకును తెలియును. గేట్ల నిర్వహణలో లోపము లేదా, నదులలో ఇసుకను మితిమీఱి తోడుటవలన వంతెనల పాదములు బయటపడుట లేదా యని అడుగువారి ప్రశ్నలు న్యాయమైనవే. ఇసుక యెత్తిన చోట నది అడుగు దిగిపోవును. ఇరువది యడుగుల లోతున నాటిన పునాది పదియడుగుల లోతున నిలిచినట్లగును. ఆ తప్పు ఆకాశముపై వేయరాదు. ఆకాశము మాఱినదని చెప్పి తప్పించుకొనువారు కొందఱు కలరు. వారికంటె, ఏమియు మాఱలేదని చెప్పువారే నయమని నాకు తోచును, ఏలయన వారిని లెక్కలతో ఒప్పింపవచ్చును. నేను చెప్పునది ఇంతే. వంతెన కట్టు ఇంజనీరు గతములో కురిసిన వానల పట్టికను ముందుంచుకొని, యాభై యేండ్లకొకసారియో నూఱేండ్లకొకసారియో రాదగిన వరదను లెక్కించి, దానికి తగిన ద్వారము విడుచును. ఆ పట్టిక చల్లని కాలపు పట్టిక. గాలి వేడెక్కుకొలది, నూఱేండ్లకొకసారి యనుకొన్న వాన అంతకంటె ముందుగానే మఱల రావచ్చును. పాత పట్టికతో కట్టిన వంతెన పాత వానకు మాత్రమే చాలును.

ఎండలవలన రైలుపట్టాలకు, తారుబాటలకు కలుగు బాధను ముక్తసరిగా చెప్పి విడిచెదను. ఉక్కు వేడికి సాగును. 40 డిగ్రీల తేడాలో ఒక కిలోమీటరు పొడవుగల పట్టా, అడ్డులేనిచో, సుమారు 46 సెంటీమీటర్లు పెరుగును. దానిని బిగించియుంచు కంకరయు స్లీపర్లును సడలిన, పట్టా ప్రక్కకు వంగును. రైల్వేవారు వేసవిలో దీనికై ప్రత్యేకముగా కాపలా పెట్టుదురు. తారు మెత్తబడుట సంగతి మే నెలలో చెప్పులు లేక బాట దాటిన పిల్లవానికి తెలియును.

మన పూర్వులు ఈ విషయములో మూఢులు కారనుటకు మన జిల్లాలోనే సాక్ష్యము కలదు. పోరుమామిళ్ల చెఱువును విజయనగర రాజైన బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించెను. అక్కడి 1369వ సంవత్సరపు శాసనము కేవలము దాతను పొగడి యూరకుండదు. మంచి చెఱువునకు కావలసిన పండ్రెండు అంగములను, చెఱువునకు రాదగిన ఆఱు దోషములను వివరించును. అంగములలో గట్టి మన్నుగల నేల ఒకటి. చిక్కగా పేర్చిన రాతితో, మితిమీఱిన పొడవు లేక దృఢముగా నున్న కట్ట యొకటి. పనిలో నేర్పరులైన మనుష్యులు ఒకటి. దోషములలో కట్టనుండి నీరు ఊఱుట ఒకటి, చౌటినేల ఒకటి. నీరు కొంచెమై సేద్యపు భూమి అధికమగుట ఎట్లు దోషమో, భూమి కొంచెమై నీరు అధికమగుటయు అట్లే దోషమని అందున్నది. ఆఱువందల యేండ్లకు పూర్వము, కఱవు తెలిసిన దేశములో, నీరు ఎక్కువగుటను గూడ లెక్కలో చేర్చినవారు ఎంత దూరము చూచిరో గమనింపుడు. వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండేండ్ల కాలము పట్టినదని కూడ ఆ శాసనమే చెప్పుచున్నది. చెఱువు నేటికిని ఉన్నది.

అట్టి చెఱువుల అలుగులు మూసికొనిపోవుటయే నేటి మన బాటలకు పెద్ద శత్రువు. ఒక వంకమీద పైనుండి క్రిందికి అయిదు చెఱువులున్నవనుకొందము. పై చెఱువునకు అలుగు పూడి కట్ట తెగిన, ఆ నీరు రెండవదానిమీద పడి దానిని త్రెంచును. అట్లు అయిదును తెగి కట్టకడపట బాటమీద పడును. బాట కొట్టుకొనిపోయినదని పత్రికలో వచ్చును. అసలు పోయినది నాలుగు మైళ్ల యెగువన, ఎవరును పారతో ముట్టని అలుగు.

కావున నా మనవి యేమనగా, ఉన్న బాటలను వెడల్పు చేయుటకు ముందు, వానిక్రింది ద్వారములను వెడల్పు చేయవలెను. గొట్టముల కల్వర్టులు ఉన్న చోట, కంప చిక్కకుండ పోవునట్టి పెట్టె కల్వర్టులు కట్టవలెను. ఏటేట జూను నెలకు ముందు వంకలలోని కంపను, చెఱువుల అలుగులను బాగుచేయుటకు ఉపాధిహామీ పనులను వాడుకొనవచ్చును. కాజ్‌వేలవద్ద నీటిలోతు చూపు స్తంభములు నాటి, ఎఱ్ఱగీటు దాటిన బస్సు కదలరాదని కట్టడి చేయవలెను. గట్టులమీద కానుగ, వేప, గడ్డి పెంచి, వాలునకు అడ్డముగా కట్టలు వేసినచో వాననీరు పడిన చోటనే కొంత దిగును. బాటపనికి గడ్డితో ఏమి పని యని నవ్వుదురేమో. నేలలో దిగిన ప్రతి కడవ నీరు వంతెనమీద పడని కడవయే.

ధనమెక్కడిదను మాట వచ్చును. నిజమే. పెద్ద వంతెనకు ఖర్చు పెద్దది. కాని కమలాపురము వంతెన కూలిన తరువాత చుట్టు త్రిప్పి పోయిన బండ్ల డీజిలు ఎవరి లెక్కలో వ్రాయబడెను? ప్రసవవేదనతో ఎదుటి గట్టున నిలిచిపోయిన స్త్రీ బాధ ఏ పద్దులోనికి వచ్చును? మా తరగతి హాజరుపట్టీలో వానదినములలో వరుసగా కనబడు గైరుహాజరులు సోమరితనమువలన కలిగినవి కావు. ఆ పిల్లలలో ఎక్కువమంది కాజ్‌వేకు ఆవలి యూళ్లవారు. పరీక్షల కాలములో అట్టి మూడు దినములు పోయిన బాలిక, కొన్ని యిండ్లలో, మఱల బడికి రాదు.

ఇందులో మన పాఠశాల చేయదగిన పని యొకటి యున్నది. కొత్త వంతెనకు లెక్క వేయునప్పుడు ఆ వంకలో పూర్వము నీరు ఎంతవఱకు వచ్చెనో చెప్పు వ్రాతలు చిన్న వంకలకు సామాన్యముగా దొరకవు. అవి మన అవ్వల, తాతల జ్ఞాపకములో నున్నవి; వారితోడనే పోవుచున్నవి. సంక్రాంతి సెలవులకు ఊళ్లకు పోవు ప్రతి విద్యార్థియు తన యూరి వంకవద్దకు ఒక పెద్దవారిని తోడుకొనిపోయి, పెద్ద నీరు వచ్చిన యేడు ఏది, ఏ బండవఱకు, ఏ చెట్టు మొదటివఱకు, ఏ గుడి మెట్టువఱకు వచ్చెను అని యడుగవలెను. ఆ గుఱుతునుండి వంక యడుగువఱకు త్రాటితో కొలిచి, ఈ యొడ్డునుండి ఆ యొడ్డునకు గల వెడల్పును అడుగులు వేసి లెక్కించి, దగ్గఱనున్న కల్వర్టు ద్వారముల సంఖ్యను, వానిలో పూడినవి ఎన్నియో దానిని వ్రాసికొని రావలెను. యేడు సరిగా తెలియనిచో ఇందిరమ్మ చనిపోయిన యేడు, ఫలానావారి పెండ్లియైన యేడు అని పెద్దలు చెప్పిన రీతినే వ్రాయుడు. సంవత్సరమును మనము తరువాత తేల్చుకొందము. భూగోళశాస్త్రపు గదిలో దీనికై ఒక పెద్ద పుస్తకము నుంచితిని. ప్రతి యూరికి రెండు పుటలు విడిచియున్నవి. వంకలో నీరున్న దినమున మాత్రము ఎవరును దిగరాదు; కొలత ఎండిన దినముననే తీయవలెను.